నాన్న ఎఫ్‌ఎం2 లెన్సులు, నా డి5300: రెండు నెలల డైరీ

జూన్ 9, ఆదివారం. సామర్లకోట

అటక మీది రేకు పెట్టె దించాం. నాన్న స్టూడియో మూసేశాక దాని జోలికి ఎవరూ పోలేదు. మూత తీయగానే తోలు వాసన, పాత ఫిల్ము డబ్బాల వాసన కలిసి వచ్చాయి. లోపల నికాన్ ఎఫ్‌ఎం2 ఫిల్ము కెమెరా బాడీ ఒకటి, తోలు సంచుల్లో రెండు లెన్సులు, ఒక పాత ఫ్లాషు, అడుగున నెగటివ్‌ల కవర్లు ఉన్నాయి.

లెన్సుల్లో ఒకటి 50 మి.మీ. ఎఫ్ 1.8, సన్నగా బిళ్ల లాంటిది (ఎఫ్ పక్కన అంకె ఎంత తక్కువైతే లెన్సు అంత ఎక్కువ తెరుచుకుంటుంది). రెండోది 28 మి.మీ. ఎఫ్ 3.5, దానికంటే చాలా పాతది. ఇది ఎఫ్‌ఎం2 కంటే ముందు నాన్న వాడిన నిక్కోర్‌మ్యాట్ ఎఫ్‌టీఎన్‌తో వచ్చిందట. ఆ బాడీని ఎప్పుడో అమ్మేశారు, లెన్సు మాత్రం ఉండిపోయింది.

నా దగ్గరున్నది నికాన్ డిజిటల్ కెమెరా, డి5300. లెన్సు బిగించే చోటు, నికాన్ ఎఫ్ మౌంటు, 1959లో వచ్చినప్పటి నుంచి ఆకారం మారలేదు కాబట్టి లెన్సు ఎక్కుతుందని తెలుసు. ఎక్కించాను. "టక్" మని బిగిసింది. ఆన్ చేస్తే తెరమీద ఎఫ్ అక్షరం, పక్కన రెండు గీతలు ఆరుతూ వెలుగుతూ, లెన్సు పెట్టలేదని ఒక సందేశం. పెట్టిన లెన్సు చేతికి తగులుతూనే ఉంది, కెమెరా మాత్రం లేదంటోంది.

నాన్న నా చేతిలోంచి తీసుకుని, లెన్సు తీసి మళ్ళీ పెట్టి, అపర్చర్ రింగుని (లెన్సు లోపలి రేకులు ఎంత తెరుచుకోవాలో పెట్టేది) ఒక చివర నుంచి ఇంకో చివరకి కర్ర్ మని తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పి, నాకిచ్చారు. "ఇప్పుడు చూడమ్మా."

అదే సందేశం.

ఆ తిప్పుడు ఏమిటని అడిగితే ఆయనకే తెలియలేదు. "అలవాటమ్మా" అన్నారు.

జూన్ 10

మాన్యువల్ తీసి చదివాను. కెమెరా కొన్నప్పటి నుంచి మడత విప్పని పుస్తకం. మన లెన్సులో చిప్పు లేదు. కొత్త లెన్సుల వెనక వరసగా బంగారు రంగు చుక్కలుంటాయి, వాటి ద్వారానే డి5300 లెన్సుతో మాట్లాడుతుంది. చుక్కలు లేకపోతే దాని లెక్కలో అక్కడ లెన్సే లేదు. పరిష్కారం మాత్రం ఒక్క మాట: డయల్‌ని ఎం మీదికి, అంటే అన్నీ మనమే చేత్తో పెట్టుకునే మోడుకి, తిప్పాలి. పి, ఎస్, ఏ మోడుల్లో షటర్ నొక్కుడుపడదు. ఎంలో పడుతుంది, కానీ లైట్ మీటరు పనిచేయదు.

సెన్సారు వెలుతురుకి ఎంత స్పందించాలో చెప్పే ఐఎస్ఓని ఆటో నుంచి తీసి 100 పెట్టుకున్నాను. మీటరు లేదుగా, ఎంత వెలుతురుకి ఎంత పెట్టాలని నాన్ననే అడిగాను. ఆయన కిటికీ దగ్గరికి కూడా వెళ్లకుండా కూర్చున్న చోటి నుంచే చెప్పారు: "నీడ అంచు కత్తితో కోసినట్టుంటే 16. పల్చటి మబ్బుకి 11. నీడలు కనపడకపోతే 8, బాగా ముసురుకుంటే 5.6. వంద ఫిల్ముకి 125 స్పీడు." ఫిల్ము డబ్బా లోపలి వైపు బొమ్మలతో అచ్చువేసే లెక్కే ఇది, ఆయనకి నోటికొచ్చేసింది.

డాబా మీద పది ఫొటోలు తీశాను. ఎఫ్ 16, షటర్ 1/125 సెకను. పదీ తెల్లగా పాలిపోయాయి.

"నీ కెమెరా తప్పు చెప్తోంది" అన్నారు నాన్న. నాకేమో ఆయన లెక్క మీదే అనుమానం.

జూన్ 15, శనివారం. హైదరాబాద్

రెండు లెన్సులూ తెచ్చేసుకున్నాను. ఈరోజు పద్ధతిగా పరీక్ష పెట్టాను. నీడలో ఉన్న ఎదురింటి గోడ, ట్రైపాడ్, ఐఎస్ఓ 100. అపర్చర్ ఒక మెట్టు మూస్తే వెలుతురు సగమవుతుంది, కాబట్టి షటర్ ఒక మెట్టు నెమ్మది చేయాలి, అంటే రెట్టింపు సేపు తెరవాలి: ఎఫ్ 2కి 1/1000, 2.8కి 1/500, 4కి 1/250, 5.6కి 1/125, 8కి 1/60, 11కి 1/30. ఆరు ఫొటోలూ ఒకే వెలుగులో రావాలి.

ఎఫ్ 2, 2.8 ఒకేలా వచ్చాయి. 4 కాస్త తెలుపు. 8కి వచ్చేసరికి గోడ మీది ఇటుకల గీతలు మాయం. 11లో ఫొటో మొత్తం తెల్ల కాగితం.

అంటే నేను రింగు ఎంత మూసినా లెన్సు మూసుకోవట్లేదు. ఇక్కడ ఇంకో విచిత్రం. ఎఫ్ 11 లోనే, ఏ సెట్టింగూ మార్చకుండా, వెంటవెంటనే ఐదు ఫొటోలు తీస్తే మొదటిదాని కంటే ఐదోది ముదురుగా వచ్చింది. కాసేపు ఆగి మళ్ళీ తీస్తే మళ్ళీ తెలుపు. సెట్టింగుల తప్పయితే ఇలా మారదు. ఏదో జిగురుకుంది, కదిలిస్తే వదులవుతోంది.

లెన్సు ఊడదీసి, రింగు 16 మీద పెట్టి, వెనకున్న చిన్న మీటని వేలితో తోసి వదిలాను. బాగున్న లెన్సయితే మీట వదలగానే రెప్ప వాల్చినట్టు రేకులు మూసుకోవాలి. ఇది నిద్రమత్తులో ఉన్నవాడు కన్ను మూసినట్టు, మెల్లగా, సగంలో ఒక క్షణం ఆగి మరీ మూసుకుంది. టార్చి వేసి చూస్తే రేకుల మీద నూనె తడి, వానాకాలం రోడ్డు మీద పెట్రోలు మరకలా రంగురంగులుగా మెరుస్తోంది.

జరిగేది ఇదీ. ఫోకస్ చేసేటప్పుడు మనకి వెలుతురు కావాలి కాబట్టి కెమెరా ఆ మీటని పట్టుకుని రేకుల్ని పూర్తిగా తెరిచే ఉంచుతుంది. షటర్ నొక్కగానే మీట వదులుతుంది, లెన్సులోని స్ప్రింగు రేకుల్ని మనం పెట్టిన అంకె దాకా మూస్తుంది. ఇదంతా అద్దం పైకి లేచి షటర్ తెరుచుకునే లోపు, సెకనులో చిన్న భాగంలో అయిపోవాలి. ఫోకస్ రింగులోని గ్రీజు ఏళ్ల తరబడి అటక వేడికి పల్చబడి రేకుల మీదికి పాకింది. ఎఫ్ 2 దగ్గర రేకులు కదలాల్సింది కొంచెమే కాబట్టి తేడా తెలియదు. 11 దగ్గర దొరికిపోతుంది.

నాన్నకి ఫోన్ చేసి మీ లెక్క కరెక్టే అని చెప్పాను. "మరి?" అన్నారు.

జూన్ 22, శనివారం

కోఠీ వెళ్లాను. నాలుగు మెట్లు దిగితే ఒక గది, అందులో పాత కెమెరాలు బాగుచేసే పెద్దాయన. లెన్సు చూసి ఏమీ అడగలేదు, మీట ఒకసారి తోసి వదిలి తల ఊపారు. రేకులు తీసి కడిగి, పాత గ్రీజు తుడిచి కొత్తది పెట్టాలి, తొమ్మిది వందలు, వారం పడుతుంది అన్నారు. వీడియోలు చూసి ఇంట్లోనే విప్పుదామని నాకూ ఒక దురద ఉండేది. ఆయన బల్ల మీద విప్పి ఉన్న ఒక లెన్సులో ఆరేడు రేకులు, ఒక్కోటి ఉల్లిపొర అంత మందాన, చూశాక ఆ దురద పోయింది.

28 కూడా చూపించాను. ముందు అద్దం వెనక సాలెగూడు తీగల్లా బూజు. "తోలు సంచిలో పెట్టారా?" అన్నారు. అవును. తోలు తేమని పట్టి ఉంచుతుందట, బూజుకి అంతకంటే సుఖమైన ఇల్లు ఉండదట. సామర్లకోట గాలికి సముద్రం ఎంతో దూరం కాదు. దాన్ని కూడా అక్కడే వదిలేశాను.

జూన్ 30, ఆదివారం

50 తిరిగొచ్చింది. మీట వదిలితే ఠక్కున మూసుకుంటోంది. గోడ పరీక్ష మళ్ళీ చేస్తే ఆరు ఫొటోలూ కవల పిల్లలు.

ఇక ఫోకస్. చిప్పు లేకపోయినా వ్యూఫైండర్‌లో కింద ఎడమ పక్కన ఆకుపచ్చ చుక్క పనిచేస్తోంది. ఎఫ్ 5.6 లేదా అంతకంటే ఎక్కువ తెరుచుకునే లెన్సయితే చాలు. రింగు తిప్పుతుంటే చుక్క వెలుగుతుంది, అప్పుడు నొక్కాలి. వినడానికి హాయిగా ఉంది. పక్కింటి పాపని ఎఫ్ 1.8లో ఇరవై తీస్తే రెండే పనికొచ్చాయి. మిగతావాటిలో చెవి పోగులు పదును, కళ్లు మసక.

పరీక్షకి పంచాంగం వాడాను. చిన్న అక్షరాలు, దగ్గర దగ్గర వరసలు, ఇంతకంటే మంచి చార్టు ఎక్కడా దొరకదు. బల్ల మీద పరిచి, మీటరు దూరం నుంచి ఏటవాలుగా, మధ్యనున్న "వర్జ్యం" వరస మీద ఫోకస్ పెట్టాను. ఫొటోలో పదునుగా వచ్చింది "దుర్ముహూర్తం". నా ప్రాజెక్టుకి అదే తగిన మాట.

లెక్క వేశాను. 50 మి.మీ. లెన్సు, ఎఫ్ 1.8, మీటరు దూరం: నా కెమెరా సెన్సారు మీద పదునుగా కనిపించే మేర మూడు సెంటీమీటర్లకు కూడా రాదు. పంచాంగంలో నాలుగైదు వరసలు. మనిషి ముఖంలో కనుగుడ్డు నుంచి కణత దాకా. చుక్కేమో రింగుని ఒక నూలు అటూ ఇటూ కదిపినా వెలుగుతూనే ఉంది. ఆ నూలులో ఎక్కడ ఆగాలో అది చెప్పదు.

పైగా వ్యూఫైండర్‌లో కళ్లతో చూసి పెడదామన్నా కుదరదు. నాన్న ఎఫ్‌ఎం2 వ్యూఫైండర్ మధ్యలో గుండ్రటి గీత ఉంది, ఫోకస్ తప్పితే బొమ్మ రెండు ముక్కలై పక్కకి జరుగుతుంది, కుదిరితే అతుక్కుంటుంది. గుడ్డివాడైనా చెప్పగలడు. ఈ కాలపు వ్యూఫైండర్ తెరలు ఆటోఫోకస్‌కి, తక్కువ తెరుచుకునే లెన్సులకి వెలుతురుగా కనపడేలా చేసినవి. ఎఫ్ 1.8 లెన్సు పెట్టినా అవి చూపించేది ఎఫ్ 2.8 దగ్గరున్నంత పదునే. కళ్లకి పదునుగా ఉంది, ఫొటోలో లేదు.

జూలై 2

సిగ్గుపడే విషయం. రెండు రోజులు లెన్సునీ, చుక్కనీ, సెన్సారునీ అనుమానించాక ఈరోజు గమనించాను: వ్యూఫైండర్ పక్కనుండే చూపు సరిచేసే చిన్న చక్రం ఒక చివరకి తిరిగిపోయి ఉంది. సామర్లకోటలో మా అన్నయ్య కొడుకు కెమెరా పట్టుకుని ఆడిన సంగతి గుర్తొచ్చింది. అది తప్పుగా ఉంటే ఆటోఫోకస్‌తో తీసినన్నాళ్లూ ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఫోకస్ చేసేది మన కన్ను కాదు. చేత్తో చేయడం మొదలుపెట్టాక మన కన్నూ యంత్రంలో ఒక భాగమే. కిందున్న అంకెలు నల్లగా, పదునుగా కనపడే దాకా చక్రం తిప్పాను.

తరవాత ఫలితం: ఇరవైలో తొమ్మిది.

జూలై 6, శనివారం

ఇరవైలో పదిహేను. రెండు మార్పులు చేశాను.

ఒకటి, రింగుని ఎప్పుడూ ఒకే వైపు నుంచి తిప్పుతున్నాను. దూరం నుంచి దగ్గరికి వస్తూ, చుక్క వెలిగీ వెలగగానే ఆగడం. పంచాంగం మీద చూస్తే నా కెమెరాలో అసలు పదును చుక్క వెలిగే మేర మొదట్లోనే ఉంది. ఇంకొకరి కెమెరాలో చివర్లో ఉండొచ్చు, ఎవరికి వాళ్లు తేల్చుకోవాల్సిందే.

రెండోది, కదలని వస్తువైతే లైవ్ వ్యూ. రింగు 1.8 మీద పెట్టి, వెనక తెరలో కంటిని పెద్దది చేసి చూసి, ఫోకస్ కుదిరాక కావలసిన అంకెకి రింగు తిప్పి, అప్పుడు నొక్కడం. మొహమాటం లేని పద్ధతి, కానీ పాపలు అంతసేపు ఆగరు.

మీటరు లేని లోటుకి ఒక ఫొటో తీసి హిస్టోగ్రామ్ (ఫొటోలో నలుపు ఎంత, తెలుపు ఎంత అని చూపే గ్రాఫు) చూసుకుంటున్నాను. ప్లేబ్యాక్ మెనూలో, తెల్లబడిన చోట మినుకుమినుకుమనే ఆప్షన్ ఆన్ చేశాను. నాన్న అంకెల నుంచి మొదలుపెడితే సాధారణంగా రెండో ఫొటోకే కుదురుతోంది.

జూలై 14, ఆదివారం

28 వచ్చింది. బూజు తీగలు పోయాయి కానీ అవి తిన్న చోట అద్దం మీది పూత పోయి సన్నని మచ్చ మిగిలింది. ఎదురు వెలుతురులో తీస్తే ఫొటో మీద పాల మీగడ పట్టినట్టుంటుంది, వెలుతురు వీపు వైపు ఉంటే తేడా లేదు. సరే.

దీని సంగతి వేరే. నాన్న ఫోన్లో ఒకటికి రెండుసార్లు చెప్పారు: "అది ఎఫ్‌ఎం2కే ఎక్కదమ్మా. బలవంతంగా తిప్పకు." ఎందుకో ఆయనకి గుర్తులేదు, ఎక్కదని మాత్రం చేతికి గుర్తుంది. కారణం వెతికితే తీగ లాగినట్టయింది.

కెమెరాకి ఎప్పుడూ కావలసిన సమాచారం ఒకటుంది: ఈ లెన్సు పూర్తిగా తెరిస్తే ఎంత? ఎఫ్ 1.8నా, 3.5నా? అది తెలియకపోతే మీటరు లెక్క కుదరదు. పాత లెన్సుల రింగు మీద రెండు చెవుల్లాంటి ఇనుప రెక్క ఉంటుంది. నిక్కోర్‌మ్యాట్ బాడీ మీది చిన్న పుల్ల ఆ చెవుల మధ్య ఇరుక్కుంటుంది. లెన్సు పెట్టగానే రింగుని ఈ చివరకీ ఆ చివరకీ ఒకసారి తిప్పితే, ఎక్కడి దాకా వెళ్లి ఆగిందో బట్టి కెమెరాకి లెన్సు గరిష్ఠం తెలుస్తుంది.

నాన్న కర్ర్ మని తిప్పింది అదే! నిక్కోర్‌మ్యాట్ పోయి ఇన్నేళ్లయినా ఆ కెమెరాకి చెప్పాల్సిన మాట ఆయన చేతుల్లో ఉండిపోయింది.

1977లో నికాన్ ఆ తిప్పుడు అవసరం లేకుండా చేసింది. రింగు వెనక అంచునే మెట్టులా కోసింది, బాడీ మీది చిన్న కొక్కెం ఆ మెట్టుకి తగిలితే చాలు, లెక్క దానంతటదే కుదురుతుంది. దాని పేరే ఏఐ. ఇప్పుడందరూ అనే ఏఐ కాదు, ఆటోమేటిక్ ఇండెక్సింగ్. అంతకు ముందు లెన్సులకి ఆ మెట్టు లేదు, అంచు నిండుగా ఉంటుంది. అలాంటిదాన్ని ఎఫ్‌ఎం2 మీద ఎక్కిస్తే ఆ నిండు అంచు కొక్కేన్ని నొక్కి విరగ్గొడుతుంది. డి7000, డి750 లాంటి పై తరగతి డిజిటల్ బాడీలకీ అదే కొక్కెం, అదే ప్రమాదం. డి5300 లాంటి చవక బాడీలకి ఖర్చు తగ్గించడానికి ఆ కొక్కెమే పెట్టలేదు. అందుకని వాటి మీద ఆ ముసలి లెన్సు నిక్షేపంగా కూర్చుంటుంది. తక్కువ కెమెరాకి దొరికిన ఎక్కువ మర్యాద ఇదొక్కటే అనుకుంటా.

గుర్తుపట్టడం తేలిక. చెవులకి చిల్లులుంటే ఏఐ. ఆ చిల్లుల్లోంచి వెలుతురు కిందకి పడి, రింగు మీద రెండో వరస చిన్న అంకెలు వ్యూఫైండర్‌లో కనపడాలని పెట్టారవి. చిల్లుల్లేని నిండు చెవులు, ఒకే వరస అంకెలు ఉంటే పాతది. నా 28కి నిండు చెవులు. 50కి అసలు చెవులే లేవు, కానీ చివరి అంకె 22 నారింజ రంగులో ఉంది. అది ఏఐ-ఎస్, ఇంకా తరవాతిది.

28ని డి5300 మీద మెల్లగా, ఏదైనా తగులుతోందా అని వేలి కొసతో వింటూ తిప్పాను. ఎక్కింది. బాధల్లా ఒకటే: స్టూడియోలో గ్రూపు ఫొటోలకని కొన్న లెన్సు, నా చిన్న సెన్సారు మీద ఒకటిన్నర రెట్లు దగ్గరై 42 మి.మీ. లా చూపిస్తుంది. పెళ్లివారంతా పట్టరు, పెళ్లికొడుకు కుటుంబం వరకూ పడతారు.

జూలై 20, శనివారం

ఆఫీసులో ఒకాయన తన రష్యన్ లెన్సు తెచ్చిచ్చారు, హీలియోస్ 44-2, 58 మి.మీ. ఎఫ్ 2. జెనిట్ కెమెరాతో వచ్చిందట. నికాన్‌కి తగిలించే అడాప్టర్ కూడా కొన్నారు, కానీ దూరం వస్తువులు ఎంత తిప్పినా మసకే, అడాప్టర్ డొల్లదని ఆయన కోపం.

అడాప్టర్ తప్పు కాదు. ఇది మరలా తిప్పి బిగించే రకం. ఆ మర లెన్సులకి మౌంటు నుంచి ఫిల్ముకి ఉండాల్సిన దూరం 45.46 మి.మీ. నికాన్‌లో మౌంటు నుంచి సెన్సారుకి 46.5. అంటే లెన్సు ఎక్కడం తోటే ఒక మిల్లీమీటరు ముందుకి జరిగిపోయింది. 58 మి.మీ. లెన్సుకి ఆ ఒక్క మిల్లీమీటరు ఎంత చేస్తుందంటే, మూడు మీటర్లు దాటిందేదీ ఫోకస్‌లోకి రాదు. అడాప్టర్ మందం కలిపితే ఇంకా తక్కువ. మధ్యలో అద్దం ఉన్న అడాప్టర్లు వస్తాయి, దూరం కుదురుతుంది కానీ ఆ చవక అద్దం లెన్సు అందాన్ని తినేస్తుంది. కానన్ డీఎస్ఎల్ఆర్‌లో ఆ దూరం 44 మి.మీ. మాత్రమే, అక్కడ ఇదే లెన్సు సన్నటి అడాప్టర్‌తో హాయిగా పనిచేస్తుంది. లోపల అద్దమే లేని మిర్రర్‌లెస్ కెమెరాలయితే చెప్పక్కర్లేదు, నికాన్ జెడ్‌లో 16, సోనీ ఈలో 18. ఖాళీ బోలెడు, ఏ పాత లెన్సయినా గొట్టం తగిలించి పెట్టుకోవచ్చు.

ఆయనకి చెప్పాను: రెండు మీటర్లలో మనుషుల ముఖాలు తీయండి, కొండలు తీయకండి.

జూలై 27, శనివారం

కోఠీలోనే పాత డి7000 ఒకటి పద్నాలుగు వేలకి తీసుకున్నాను. షటర్ 62 వేలు తిరిగింది. ఆ మోడల్ షటర్‌ని లక్షా యాభై వేల సార్లు పరీక్షించారు కాబట్టి నాకు సరిపోతుంది. దీనికి కొక్కెం ఉంది.

సెటప్ మెనూలో నాన్-సీపీయూ లెన్స్ డేటా, అంటే చిప్పు లేని లెన్సుల వివరాలు, అని ఒక చోటు. తొమ్మిది లెన్సుల వివరాలు దాచుకోవచ్చు. ఒకటో నంబరులో 50 మి.మీ., గరిష్ఠం ఎఫ్ 1.8 అని రాశాను. అంతే, మీటరు లేచి కూర్చుంది. "ఏ" అక్షరం మోడు (అపర్చర్ మనం పెడితే షటర్ కెమెరా పెట్టేది) పనిచేస్తోంది, రింగు తిప్పితే పైన చిన్న తెరలో అంకె మారుతోంది. నాన్న చేత్తో తిప్పి చెప్పిన మాట, తరవాతి లెన్సు తన అంచుతో చెప్పిన మాట, ఆ తరవాత చిప్పు చెప్పిన మాట, నేనిప్పుడు మెనూలో టైపు చేశాను.

పొరపాటున 1.8 బదులు 2.8 అని పెట్టినప్పుడు ఏమైందో కూడా చూశాను. తెర మీద అంకెలు తప్పు చూపించింది, ఫొటోల వెలుగులో మాత్రం పెద్ద తేడా లేదు. ఎందుకంటే కొక్కేనికి తెలిసేది పూర్తిగా తెరిచినదాని నుంచి ఎన్ని మెట్లు మూశామన్నదే. ఆ మెట్లు సరిగ్గానే ఉన్నాయి, పేర్లే మారాయి.

28ని దీని దగ్గరికి కూడా రానివ్వలేదు. మూత మీద ఎర్ర టేపు అంటించి "డి5300కి మాత్రమే" అని రాశాను.

ఆగస్టు 3

ఫ్లాషు. పాత ఫ్లాషు కాళ్ల మధ్య ఓల్టేజీ ఎక్కువుంటుందని విన్నాను, మల్టీమీటరుతో చూస్తే 190 చూపించింది. నికాన్ మాన్యువల్ 250 దాటకూడదంటుంది. దాటలేదు. అయినా పద్నాలుగు వేల బాడీ మీద పెట్టడానికి ధైర్యం చాలక పెట్టెలో పెట్టేశాను. కొన్ని బ్రాండుల పాత డిజిటల్ బాడీలయితే అంతకంటే చాలా తక్కువకే పోవచ్చు. కొలవకుండా పెట్టకండి.

ఆగస్టు 9, శుక్రవారం

రాత్రి ఎనిమిదిన్నరకి మా పిన్ని కొడుకు ఫోన్, వెనకాల సన్నాయి. శ్రావణ మాసం పెళ్లిళ్లు. "అక్కా, కెమెరా ఎఫ్‌ఈఈ అంటోంది, నొక్కుడుపడట్లేదు, అవతల జీలకర్ర బెల్లం టైమవుతోంది." ఎవరిదో 50 మి.మీ. డి రకం లెన్సు, చిప్పూ రింగూ రెండూ ఉన్నది, అడిగి తెచ్చుకున్నాడట. వాడి గొంతులో టెన్షన్ వింటే నాకూ చెమట పట్టింది, కానీ ఇది నాకు తెలిసిన జబ్బే. చిప్పున్న లెన్సుకి రింగు కూడా ఉంటే, రింగుని నారింజ రంగు అంకె మీద పెట్టి, పక్కనున్న చిన్న మీటతో తాళం వేయాలి. అప్పుడే అంకెల పెత్తనం బాడీకి వెళ్తుంది. "22 మీద పెట్టు, తాళం వెయ్యి."

రెండు క్షణాల నిశ్శబ్దం. టక్. "వచ్చిందక్కా!" అని పెట్టేశాడు.

ఐదు నిమిషాలకి మెసేజి: ఆటోఫోకస్ పనిచేయట్లేదు. వాడిది డి3400. ఆ లెన్సు తిరగాలంటే బాడీలో మోటారు ఉండాలి, దానిలో లేదు. చుక్క సంగతి రాసి పంపాను. ఫొటోలు చూపించమంటే ఇంతవరకూ చూపించలేదు.

ఆగస్టు 18, ఆదివారం. సామర్లకోట

రెండు బాడీలూ తీసుకుని వెళ్లాను. లెన్సులు ఇప్పుడు గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో, సిలికా జెల్ సంచులతో. తోలు సంచులు విడిగా. పారేస్తానంటే నాన్న ఒప్పుకోలేదు.

అరుగు మీద కూర్చోబెట్టి డి7000 చేతికిచ్చాను. 50 విడిగా ఇచ్చాను, ఆయనే ఎక్కించాలని. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, మౌంటు చుక్కల్ని చూడకుండానే బొటనవేలితో తడిమి కలిపి, బిగించారు. వెంటనే రింగు ఆ చివరకి, ఈ చివరకి. కర్ర్, కర్ర్.

"నాన్నా, దీనికి అది అక్కర్లేదు. నేను ముందే చెప్పి పెట్టాను" అని మెనూ చూపించాను. 50 మి.మీ., ఎఫ్ 1.8. పరీక్ష పేపర్లో మార్కులు చూసినట్టు చూశారు.

అమ్మ పెరట్లోంచి వస్తోంది, చేతిలో కరివేపాకు రెమ్మలు. ఆయన పైన చిన్న తెరని చూడలేదు. అరుగు అంచున పడిన నీడని ఒకసారి చూసి రింగు మీద 5.6 దాకా క్లిక్కులు లెక్కపెట్టుకుని, చుక్క కోసం ఆగకుండా నొక్కారు. మీటరు అంతకంటే మెట్టులో మూడో వంతు ఎక్కువ పెట్టేది.

ఫొటోలో అమ్మ కళ్లు పదునుగా ఉన్నాయి. "ఇంకోటి తియ్యనా, సరిగ్గా నిలబడతాను" అంది అమ్మ. నాన్న లెన్సు ఊడదీసి 28 అందుకోబోయారు. ఎర్ర టేపు చూసి ఆగి, డి5300 వైపు చెయ్యి చాపారు.

"దానికిస్తే పెరడంతా పడుతుంది" అన్నారు. పడదు, చిన్న సెన్సారు. చెప్పలేదు. ఎక్కించి, రింగు రెండు వైపులా తిప్పుతుంటే చూస్తూ కూర్చున్నాను.